నాలుగో పేరా

మార్చి 3, సోమవారం

స్టాంపు సిరా వేళ్ళకి అంటింది, సబ్బుకి పోలేదు. నెలలో మొదటి సోమవారం కాబట్టి తనిఖీ సర్టిఫికెట్లన్నీ ఈరోజే పంపాలి. పదిహేడు భవనాలు, ఇరవై ఆరు లిఫ్టులు. ఒక్కో కాగితం మీద ‘తనిఖీ సంతృప్తికరం’ అని స్టాంపు, కింద నా సంతకం. నా సంతకం ఇప్పుడు సంతకంలా లేదు, ఇసుకలో పాము వెళ్ళిన జాడలా ఉంది.

సాయంత్రం కాలేజీకి ఐదు నిమిషాలు ఆలస్యం. ఏజెన్సీ చాప్టరు. ఏమీ ఎక్కలేదు.

ఇంకేం విశేషాల్లేవు.

మార్చి 5, బుధవారం

మా ఇంట్లో ఇద్దరు విద్యార్థులు, ఒకటే పుస్తకం. ‘వ్యాపార చట్టం – నైతికత’. పగటి క్లాసులకి నా కూతురు పట్టుకెళ్తుంది, సాయంత్రం క్లాసులకి కాలేజీ గేటు దగ్గర నా చేతికిచ్చి ఇంటికొస్తుంది. పోయినేడు ఈ ఒక్క పేపరే నాలుగు మార్కుల్లో పోయింది నాకు. ఈసారి గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది, డిగ్రీ వస్తే ఆఫీసు ఇన్‌చార్జి నువ్వే అన్నారు మేనేజరుగారు.

పొద్దున పిల్ల నన్ను కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకుంది. తప్పు చెప్పినప్పుడల్లా పెన్సిలు బల్ల మీద కొడుతుంది. అత్తయ్య అటు చూసి, “నలభై మూడేళ్ళ దాన్ని పట్టుకుని ఆ పిల్ల గోడకుర్చీ ఒక్కటే వేయించలేదు” అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

క్లాసులో అందరూ నన్ను ఆంటీ అంటారు. లెక్చరర్ కూడా ఒకసారి నోరు జారి ఆంటీ అన్నారు. ఆయనకి పిల్లలు పెట్టిన పేరు క్లాజు మాస్టారు. ఎవరేం అడిగినా “ఏ క్లాజు కింద అమ్మా?” అంటారు.

మార్చి 11, మంగళవారం

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రిలో వెనక లిఫ్టు జారింది. మూడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఆయా ఒకావిడ దుప్పట్ల బండి లోపలికి తోస్తూ కాలు పెట్టింది. తలుపులు తెరిచి ఉండగానే లిఫ్టు కిందకి దిగిపోయింది. బ్రేకు పట్టలేదట. కుడి కాలు మోకాలి కింద నలిగిపోయింది.

ఆ ఆసుపత్రి లిఫ్టులు మా కంపెనీవే. మేము బాగు చేసేవి, మేము సర్టిఫికెట్ ఇచ్చేవి.

ఆఫీసులో ఫోను మోగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను సొరుగు సర్దుకున్నాను. పనికిరాని కాగితాలు చాలా ఉన్నాయి.

మార్చి 12, బుధవారం

నిచ్చెన అన్నయ్య వచ్చాడు. మా మెకానిక్. మనిషి పొడుగు, లిఫ్టు గుంతలోకి నిచ్చెన లేకుండా దిగుతాడని ఆ పేరు. మా ఆయనా ఇతనూ ఒకే రోజు ఈ కంపెనీలో చేరారు. ఆయన పోయాక, ఈ ఉద్యోగం నాకివ్వమని మేనేజరుగారి గది ముందు రెండు రోజులు నిలబడ్డది ఇతనే.

నా బల్ల ముందు నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

“చెల్లెమ్మా, ఆ కాగితం భద్రంగా ఉందిగా?”

“ఏ కాగితం అన్నయ్యా?”

“మూడో తారీకు సోమవారం ఇచ్చానే. బ్రేకు సంగతి.”

“ఇక్కడ ఎన్ని కాగితాలొస్తాయి. చూస్తాను.”

“చూడమ్మా” అని వెళ్ళిపోయాడు. కోప్పడలేదు.

మార్చి 13, గురువారం

నాకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు.

మార్చి 14, శుక్రవారం

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ మొదలుపెట్టాడు. చిన్నవాడే, చొక్కా జేబులో మూడు పెన్నులు. ఆయన రాకముందు మేనేజరుగారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. టీ తెప్పించారు.

“చూడమ్మా, నేను నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పు. అంతే.”

“అన్నయ్య కాగితం ఇచ్చానంటున్నాడు సార్.”

“అతను అంటాడు. అనకపోతే అతని మెడకి చుట్టుకుంటుంది. నీ వరకు నీకు గుర్తుందా?”

టీ వేడిగా ఉంది. నాలిక కాలింది.

ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు ‘గుర్తులేదు’ అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఒక్క మాటే కదా, మరి అంతసేపు ఏం రాశాడో. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

గుర్తులేదు అనడం అబద్ధం కాదు. మనిషికి అన్నీ గుర్తుండవు.

సాయంత్రానికి అన్నయ్యని పనిలోంచి ఆపేశారు. లోపం తెలిసీ చెప్పలేదన్నది అతని మీద అభియోగం.

మార్చి 17, సోమవారం

పరీక్షలు దగ్గర పడ్డాయని మాస్టారు ముఖ్యమైనవి మళ్ళీ చెబుతున్నారు. ఈరోజు ఏజెంటు, యజమాని. బోర్డు మీద ఒక్క వాక్యం రాసి గీత కొట్టారు: పనిలో భాగంగా ఏజెంటుకి తెలిసిన విషయం యజమానికి తెలిసినట్టే.

వెనక బెంచీ వాళ్ళు నిద్రపోతున్నారు. నేను చెయ్యెత్తాను. ఎందుకు ఎత్తానో తెలీదు.

“మాస్టారూ, ఆ ఏజెంటు నాకు తెలీదు అంటే?”

“అంటే యజమానికీ తెలీనట్టే అవుతుందమ్మా. ఆమె నోరు మూసుకుంటే ఆయన బయటపడతాడు.”

నేను ‘ఏజెంటు’ అన్నాను. ఆయన ‘ఆమె’ అన్నారు. మామూలుగా వచ్చిన మాటే అయ్యుంటుంది.

కానీ ఇంకో మాట కూడా అన్నారు. “ఆ నష్టం ఇంకెవరో మోస్తారు. నష్టం గాల్లో కలిసిపోదు.” అది రాసుకోలేదు నేను. ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి 20, గురువారం

మేనేజరుగారు నన్ను ఆసుపత్రికి పంపారు. ఒక సంచీ నిండా పళ్ళు, ఒక కాగితం. “ఆడమనిషివి, నువ్వు వెళ్తే మర్యాదగా ఉంటుంది” అన్నారు.

ఆయా మంచం కిటికీ పక్కన. యాభై దాటి ఉంటాయి. ఎక్కడ పనిచేసిందో అక్కడే పడుకుంది పాపం. నర్సులు దారిన పోతూ పోతూ ఆవిడ దుప్పటి సర్దుతున్నారు, అదేదో ఆవిడ వాళ్ళకి నేర్పిన పనే అయినట్టు. దుప్పటి ఎడంవైపు ఎత్తుగా ఉంది. కుడివైపు మోకాలి దగ్గర్నుంచి పరుపుకి ఆనుకుపోయింది. నేను ఎక్కువసేపు అటు చూడలేదు.

“కంపెనీ నుంచి వచ్చావా అమ్మాయ్? కూర్చో. పళ్ళెందుకు, నా ఒక్కదానికి.”

“మీ ఆసుపత్రి ఖర్చంతా కంపెనీయే పెట్టుకుంటుంది అక్కా. దానికి ఈ కాగితం.”

“నా కళ్ళజోడు ఆ రోజే పగిలిపోయింది. చదివి పెట్టు.”

చదివాను. ఆరు పేరాలు. వార్డులో ఉక్క, గొంతు ఆరిపోయింది, మధ్యలో నీళ్ళు తాగాను. మళ్ళీ ఎక్కడ అందుకున్నానో సరిగ్గా చూసుకోలేదు.

సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు. “కనిపించకపోయినా చేతికి అలవాటే” అంది.

వచ్చేటప్పుడు నా చేతిలో రెండు పళ్ళు పెట్టింది, మాటల్లో కూతురుందన్నానని, పిల్లకివ్వమని.

మార్చి 21, శుక్రవారం

ప్రతి అక్షరం చదవాలని ఎక్కడుంది? సారాంశం చెబితే చాలు.

మార్చి 22, శనివారం

సారాంశం కూడా చెప్పలేదు.

మార్చి 24, సోమవారం

స్వేచ్ఛాయుతమైన సమ్మతి. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు ప్రకటన, పొరపాటు. మోసంతో తీసుకున్న సమ్మతి అయితే ఒప్పందం వాయిడబుల్. అంటే దానంతటది రద్దు కాదు. మోసపోయినవాళ్ళు కావాలంటే రద్దు చేసుకోవచ్చు.

క్లాసయ్యాక మెట్ల మీద మాస్టారుని ఆపాను.

“మోసపోయినట్టు వాళ్ళకి తెలియకపోతే ఏమవుతుంది మాస్టారూ?”

“నడుస్తూనే ఉంటుందమ్మా ఆ ఒప్పందం. ఎవరో ఒకరు చెప్పేదాకా.” రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. “ఇది పరీక్ష కోసం అడుగుతున్నారా?”

“అవును.”

“అయితే అంతవరకు చాలు. పరీక్ష కోసం కాకపోతే నా గది తెలుసుగా, ఎప్పుడైనా రండి.”

నేను వెళ్ళలేదు. పరీక్ష కోసమే.

మార్చి 28, శుక్రవారం

అత్తయ్య నిచ్చెన అన్నయ్య ఇంటికి వెళ్ళొచ్చింది. చెప్పి వెళ్ళలేదు. వచ్చాక చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చుంది.

“అతన్ని ఎవరూ పనికి పిలవట్లేదట. ఈ ఊళ్ళో లిఫ్టు కంపెనీలన్నింటికీ కబురు వెళ్ళిపోయింది, ఆవిడ కాలు పోవడానికి కారణం ఇతనే అని. వాళ్ళావిడ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చింది.”

నేను బియ్యం కడుగుతున్నాను. మూడుసార్లు కడిగాను.

“నీకేమైనా తెలుసా?” అంది అత్తయ్య.

“నాకేం తెలుసు, నేను ఆఫీసులో కూర్చునేదాన్ని.”

“నా కొడుకుని ఆఖరి నెల్లో అతనే ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్ళేవాడు” అంది. అది నాకు చెప్పక్కర్లేదు. నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను.

మార్చి 29, శనివారం

డిగ్రీ రావాలి. పిల్ల చదువు ఉంది. అత్తయ్య మందులున్నాయి. నేను ఒక్కదాన్ని. నాది కూడా ఒక ప్రాణమే కదా. అయినా నేనేం చేశాను? స్టాంపు వేశాను. చెప్పింది చేశాను. చెప్పింది చేశాను. ఎవరైనా అంతే చేస్తారు.

మార్చి 31, సోమవారం

పిల్ల పొద్దున్నే పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, అట్టకీ కవరుకీ మధ్యలో ఇది ఉంది.”

జేబుపుస్తకం లోంచి చింపిన కాగితం. నాలుగు మడతలు. తను విప్పి చదివేసింది.

“ఏదో పాత కాగితం. పారెయ్.”

“తేదీ ఈ నెల మూడు. నిచ్చెన మావయ్య సంతకం ఉంది.”

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం, ఎవరం కట్టెయ్యలేదు.

“నువ్వు పారేస్తావా, నేను పారెయ్యనా?” అని అడిగింది. వెటకారంగా కాదు. నిజంగానే అడిగింది. నేనేమంటే అది చేసేలా ఉంది. నా బిడ్డ నా కోసం ఆ పని చేసేలా ఉంది.

“ఉంచు” అన్నాను.

పుస్తకంలో పెట్టేసి కాలేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం గేటు దగ్గర పుస్తకం చేతికిచ్చింది. ఈరోజు పాఠం అప్పజెప్పించుకోలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

రాస్తాను. ఇందులో కూడా రాయకపోతే ఇక ఎందులో రాస్తాను.

మార్చి 3, సోమవారం. పదిన్నరకి అన్నయ్య వచ్చాడు. గ్రీజు చేతులతో నా బల్ల దగ్గరే నిలబడి రాశాడు. “ఆసుపత్రి, వెనక లిఫ్టు. బ్రేకు లైనింగు పూర్తిగా అరిగింది. మార్చేవరకు లిఫ్టు ఆపాలి.” సంతకం, తేదీ. “నా ఫోనులో ఫోటో తీసుకోనా?” అన్నాడు. మళ్ళీ తనే, “నీకిచ్చానుగా, ఎందుకులే” అని వెళ్ళిపోయాడు.

నేను ఆ కాగితం మేనేజరుగారికి చూపించాను. ఆయన చదివారు. పూర్తిగా చదివారు. “పార్టు రావడానికి వారం పడుతుంది. ఇప్పుడు సర్టిఫికెట్ ఆపితే ఆసుపత్రి కాంట్రాక్టు పోతుంది. ఇన్నాళ్ళు నడిచింది, వారం నడవదా? నువ్వు పంపెయ్” అన్నారు. గట్టిగా అరవలేదు, బెదిరించలేదు. నేను వద్దు అంటే ఏమయ్యేదో నాకు తెలీదు, ఎందుకంటే అనలేదు. సరే సార్ అన్నాను. కాగితం సొరుగులో వేశాను. స్టాంపు వేశాను.

ఆ నిమిషంలో ఏం ఆలోచిస్తున్నానో కూడా గుర్తుంది. కాలేజీ బస్సు అందుతుందా అని.

ప్రమాదం జరిగిన మర్నాడు సొరుగులోంచి తీసి ఇంటికి తెచ్చాను. చింపడానికే తెచ్చాను. చింపలేకపోయాను. మంచితనం వల్ల అని రాసుకోవాలనుంది. కాదు. ఎప్పుడైనా మేనేజరుగారు నన్ను ముంచితే నాకు పనికొస్తుందని.

ఇరవయ్యో తారీకున నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాక ఎక్కడ అందుకున్నానో నాకు బాగా తెలుసు. ఐదో పేరా. నాలుగోది: “ఈ ప్రమాదానికి సంబంధించి ఇకపై కంపెనీ మీద ఎలాంటి నష్టపరిహారమూ కోరనని, ఏ కోర్టులోనూ కేసు వేయనని ఒప్పుకుంటున్నాను.” చూడకుండా రాశాను ఇప్పుడు. ఇందులో ఒక్క మాట తప్పులేదు.

ఏప్రిల్ 3, గురువారం

పరీక్ష. పిల్లకీ నాకూ ఒకే హాలు, నాలుగు వరసల దూరం.

మూడో ప్రశ్న: స్వేచ్ఛాయుతమైన సమ్మతి అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి. పన్నెండు మార్కులు.

నిర్వచనం రాశాను. ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదల్లేదు. పుస్తకంలో ఉన్న ఉదాహరణలు నాలుగు, నాలుగూ నోటికొచ్చు. గుర్రం అమ్మినవాడి కథ రాయొచ్చు. అర పేజీ వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

బయట పిల్ల నా కోసం చెట్టు కింద నిలబడి ఉంది. ఎలా రాశావని ఒకరినొకరం అడగలేదు.

“రేపు సెలవు పెడుతున్నాను” అన్నాను. “ఆ కాగితం తీసుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్తాను.”

“నేనూ రానా?”

“వద్దు.”

బస్సులో నా భుజం మీద తల పెట్టుకుంది. చిన్నప్పటి తర్వాత ఇదే.

ఏప్రిల్ 4, శుక్రవారం

అంతా చెప్పాను. ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఒక కవరులో పెట్టి, కవరు మీద నాచేత సంతకం పెట్టించాడు.

“మేడమ్, మీ మీద కూడా కేసు ఉంటుంది. తప్పుడు సర్టిఫికెట్, తప్పుడు వాంగ్మూలం. తెలిసే ఇస్తున్నారా?”

“తెలుసు. నిన్న అదే చాప్టరు మీద పరీక్ష రాశాను.”

ఆయనకి నవ్వాలో లేదో తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. వింటూ వింటూ లేచి వెళ్ళి తన గదిలో తలుపు వేసుకుంది. గంట తర్వాత బయటికొచ్చి, “అన్నం తిన్నావా?” అంది. తినలేదన్నాను. వడ్డించింది. ఎదురుగా కూర్చోలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

ఉద్యోగం పోయింది. మేనేజరుగారు లేఖ చేతికిస్తూ, “నీ మొగుడి ముఖం చూసి పెట్టుకున్నాను నిన్ను” అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనకీ నిద్ర లేదు కాబోలు. ఆయన మీద కేసు పెడుతున్నారు, ఆఫీసు ఫైళ్ళన్నీ పట్టుకెళ్ళారు.

అక్కణ్ణుంచి నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తనే తీశాడు. అతని మీద అభియోగం ఎత్తేశారని నాకంటే ముందే తెలిసింది.

“అన్నయ్యా” అన్నాను.

“అందరూ నిన్ను తిట్టారమ్మా” అన్నాడు. “మా ఆవిడ, పనివాళ్ళు, అందరూ. నేను ఒకటే చెప్పాను వాళ్ళకి. చెల్లెమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు, పని ఒత్తిడిలో ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటుంది అని. ఈ మూడు వారాలూ నీ తరఫున నేనే వాదించాను.”

లోపలికి రమ్మనలేదు. తలుపు గట్టిగా వెయ్యలేదు. మెల్లగా వేశాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

మాస్టారి గదికి వెళ్ళాను. చెప్పాను. ఆయన ఏ క్లాజు అని అడగలేదు. ఆయాకి ఉచితంగా వాదించే లాయరు పేరు, ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చి, “ముందు ఆవిడకి మీరు చెప్పాలి. లాయరు చేత చెప్పించకండి” అన్నారు.

ఏప్రిల్ 10, గురువారం

ఆయా ఇంటికి వెళ్ళాను. రెండు గదులు, రెండో అంతస్తు. మెట్లే. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారట, మళ్ళీ కిందకి దిగలేదు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉంది.

“రా అమ్మాయ్. పిల్ల తిందా పళ్ళు?”

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆసుపత్రిలో ఆవిడ సంతకం పెట్టిన కాగితం నకలు ఇన్‌స్పెక్టరు దగ్గర తీసుకున్నాను, అది విప్పాను. “ఆ రోజు ఇందులో ఒక పేరా చదవలేదక్కా. కావాలనే చదవలేదు. ఇప్పుడు చదువుతాను.”

నాలుగో పేరా చదివాను.

ఆవిడ తన చేతులు చూసుకుంది. తర్వాత, “నువ్వు వెళ్ళాక పక్క మంచం ఆవిడతో చెప్పాను. ఎంత విడమరిచి చదివిందో చూడు, చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే అని” అంది.

నేను స్టాంపు సంగతి కూడా చెప్పాను. బ్రేకు అరిగిందని నాకు వారం ముందే తెలుసని చెప్పాను. అప్పుడు ముఖం ఎత్తింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“వారం ముందే” అంది.

“అవును.”

“ఆ వారంలో నేను రోజుకి పది పన్నెండు సార్లు ఎక్కి దిగాను ఆ లిఫ్టు. మందు బిళ్ళలు, భోజనాలు, పసిపిల్లలు.”

 

లోపలి గదిలోంచి వాళ్ళాయన్ని పిలిచింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఇప్పుడు నాకు చెప్పావే, అదంతా ఈయన ముందు చెప్పు. ఏదీ వదలకుండా చెప్పు” అంది. చెప్పాను. ఆయన వింటూ గోడకి చేరగిలబడ్డాడు. తర్వాత ఆవిడ కొడుక్కి ఫోను చేసి స్పీకరు పెట్టింది. “మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పాను. మొదటిసారి గొంతు వణికింది, రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారికి ఏమీ రాలేదు. ఫైలులోంచి చదివినట్టు గడగడా వచ్చేసింది. అది ఆవిడ గమనించింది.

“ఇంత తొందరగా అలవాటైపోయిందా?” అంది.

లాయరు నంబరున్న చీటీ కుర్చీ చెయ్యి మీద పెట్టాను. ఆవిడ దాన్ని తీసి, కళ్ళజోడు సర్దుకుని, ప్రతి అంకె మీదా వేలు పెట్టి తనే చదువుకుంది. నన్ను చదవమని అడగలేదు.